మన పని మంచిదని మనమే చెప్పుకోవాలంటే

నా ఇంగ్లీషు వింటే బోధన్‌లో చెరకు బండ్ల ఎడ్లు సైతం పక్కకు తప్పుకుంటాయని అక్కతో కోతలు కోసింది నేనే. అందుకు తగిన శాస్తే జరిగింది. నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో ఉద్యోగానికి మేనకోడలికి ఇంటర్వ్యూ వస్తే, ఇంగ్లీషు నేర్పే పని నా నెత్తిన పడింది.

"ఐ వర్క్ అంటే సాలది బిడ్డా. ఎట్ల చేస్తవో సుత చెప్పాలె. ఐ వర్క్ కేర్‌ఫుల్లీ అను."

పిల్ల ఆ మాట అన్నదో లేదో, బీడీలు చుడుతున్న అక్క ఒళ్లో చాట పక్కన పెట్టి లేచింది.

"మన పని మంచిగుంటదని మనమే చెప్పుకుంటరా తమ్మి? దిష్టి తాకదా?"

"అక్కా, గది ఇంగ్లీషే!"

"ఏ భాషల చెప్పుకున్నా దిష్టి దిష్టే."

వారమంతా ఇదే గోల. నేను 'పొలైట్లీ' అంటే ఆమె ఉప్పు తిప్పి పొయ్యిలో వేస్తుంది. 'నీట్లీ' అంటే మళ్లీ ఉప్పు. పిల్ల ఇద్దరి మధ్య కూర్చుని ఒకసారి నా వైపు, ఒకసారి తల్లి వైపు చూస్తుంది. ఈ ఉద్యోగం వచ్చినట్టే అని తల పట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో పని ఎలా చేస్తావని అడగనే అడిగారట. పిల్ల తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "మై మదర్ వర్క్స్ కేర్‌ఫుల్లీ. షీ వర్క్స్ నీట్లీ. ఐ లర్న్‌డ్ ఫ్రమ్ హర్" అన్నదట. సోమవారం నుంచి రమ్మన్నారు.

నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం బిడ్డ మీద విరుచుకుపడింది.

"కొత్తోళ్ల ముంగట నా ముచ్చట ఎందుకు తీసినవే? రేపటి సంది నాకు చెయ్యి ఆడుతదా?"