క్లెమ్ కాళ్ల కింద ప్లాస్టిక్ గడ్డి

మా వృద్ధాశ్రమంలో వంట నోరీన్ ట్రెజైజ్‌ది, బట్టలుతికే పని నాది. వంటింటి వెనక పెరడు కూడా నోరీన్‌దే. ఎవరూ చెయ్యమనలేదు. పోర్ట్ ఆగస్టా దగ్గరి ఆ చవిటి నేలకి ఏళ్ల తరబడి పెంట మోసి పోసి టమాటా, చిక్కుడు, గుమ్మడి పండించింది. మధ్యాహ్నాలు ముసలివాళ్లు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు. క్లెమ్ రెటాలిక్ అనే పెద్దాయన, ఒకప్పుడు రైలు పట్టాలు వేసినవాడు, తన కూతురి పేరు కూడా మరిచిపోయాడు గానీ, రోజూ చెప్పుల్లేకుండా వెళ్లి ఆ మొక్కలకి నీళ్లు పట్టడం మాత్రం మరవలేదు.

చలికాలంలో నోరీన్ భుజానికి ఆపరేషన్ అయింది. మళ్లీ పనిలోకి వచ్చేసరికి ఫిబ్రవరి, భూగోళం దిగువనున్న మాకు నడివేసవి. ఎడారి మీంచి ఉత్తరపు గాలి నిప్పులు చెరుగుతోంది. భుజాన సంచీ అయినా దించకుండా పెరట్లోకి వెళ్లింది. అక్కడ పెరడు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో రెండు తెల్ల కుర్చీలు.

కొత్త మేనేజర్ గావిన్ వేయించాడని చెప్పాను. తడి మట్టిలో ముసలివాళ్లు జారిపడతారని, చూడ్డానికి వచ్చేవాళ్లకి శుభ్రంగా కనబడాలని ఆయన అన్నాడు. ఆ రోజు నోరీన్ బంగాళాదుంపల తొక్కతో పాటు సగం దుంప కూడా చెక్కేసింది.

ఆ వారంలోనే ఎండ నలభై నాలుగు దాటింది. భోజనాలయ్యాక క్లెమ్ అలవాటుగా బయటికి నడిచాడు. ఆ గడ్డి పెనంలా కాలి ఉంది. ఆయన వెనక్కి రాలేదు. మొక్కల కోసం వెతుక్కుంటూ అక్కడే నిలబడ్డాడు. నోరీన్ కిటికీలోంచి చూసి పరుగెత్తింది. బాగున్న చేత్తోనే ఆయన్ని లోపలికి ఈడ్చుకొచ్చింది. నేను తడి దుప్పటి తెచ్చేలోపే అరికాళ్లు బొబ్బలెక్కాయి.

నర్సు కట్టు కడుతుంటే ఆయన నోరీన్ చెయ్యి పట్టుకున్నాడు. "నీ మొక్కలు తొక్కేశానా అమ్మాయ్? అందుకే దాచేశావా?"

నోరీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. గుమ్మడికాయలు కోసే కత్తి తీసుకుని పెరట్లోకి పోయి, ఆ గడ్డిని చాపలు చింపినట్టు చింపడం మొదలుపెట్టింది. గావిన్ వచ్చి గుమ్మంలో, నీడలో నిలబడ్డాడు.

"ఇది సంస్థ ఆస్తి, నోరీన్. ముందు నాతో మాట్లాడాల్సింది."

"తోట పీకించేటప్పుడు నువ్వు నాతో మాట్లాడావా?"

"నువ్వు సెలవులో ఉన్నావు."

"చచ్చిపోలేదుగా."

భుజం మళ్లీ పాడవుతుందని ఆయన అన్నాడు. "భుజం నాది, నేను చూసుకుంటా. ఆ ముసలాయన కాళ్లు ఎవరివి?" అంది. నేను ఆ గడ్డి రెండో కొస పట్టుకుని లాగాను.

సాయంత్రానికి నోరీన్‌ని పనిలోంచి తాత్కాలికంగా తప్పించారు. క్లెమ్ కూతురు బెరిల్ అడిలైడ్‌లోని పెద్దాఫీసుకి వెళ్లి, ఈ వంటమనిషిని తీసేస్తే నాన్న కాళ్ల ఫోటోలు పత్రికల్లో చూస్తారని చెప్పింది. దాంతో నోరీన్‌ని మళ్లీ రమ్మన్నారు. క్షమించమని ఒక్కరూ అనలేదు. గావిన్‌ని ఇంతకంటే పెద్ద ఆశ్రమానికి మేనేజర్‌గా పంపారు. ఆ కబురు విన్నరోజు నోరీన్ గిన్నెలు కడిగిన చప్పుడు వీధిలోకి వినబడింది.

ప్లాస్టిక్ కింద మట్టి మిగల్లేదు, అంతా కంకరే. ఎవరో పారేసిన స్నానాల తొట్టె తెచ్చి, మట్టి నింపి, ఎండ తగ్గాక చిక్కుడు పెట్టాం. కాశాయి, కానీ పిడికెడే.

క్లెమ్ కాళ్లు మానాయి. అయినా గుమ్మం దాకా వచ్చి నేల వైపు చూసి, వెనక్కి తిరిగిపోతాడు. అలా తిరిగిన ప్రతిసారీ నోరీన్ వంటింట్లోంచి చూస్తుంది. ఆమె కోపం చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోవడం లేదు.