రమాకుమారి, మూడో ఇంజెక్టరు

బెంగాల్ ఓడరేవును ఆనుకున్న ఖిదిర్‌పూర్‌లో ట్రెయిలర్లు ఆగే రోడ్డు పక్కన, టైర్ల దుకాణానికీ టీ కొట్టుకీ మధ్య ఇరుకు గది రమాకుమారిది. లారీల ఇంజిన్ కంప్యూటర్లు బాగుచేస్తుంది. బీహారు డ్రైవర్లయినా, బెంగాలీ డ్రైవర్లయినా ఆమెను దీదీ అనే పిలుస్తారు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాక్‌లో క్రేను నడిపాడు. ఆమె ఇక్కడే పుట్టి, బెంగాలీ బడిలో చదివి, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. పని పుస్తకంలో తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుంటుంది.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం గోవిందరాజు ఆ గదికి వచ్చాడు. ఆమె తండ్రితో ఒకే క్వార్టర్స్‌లో ఉన్న మనిషి. చిన్నప్పటి నుంచి చిన్నాన్న అని పిలుస్తుంది. జగన్మోహన్ అనే తెలుగాయన దగ్గర పదకొండేళ్లుగా ట్రెయిలర్ నడుపుతున్నాడు. ఆ బండి మూడు నెలలుగా డీజిల్ ఎక్కువ తాగుతోంది. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, లోపమేమీ కనిపించడం లేదన్నాడు. బండిలో లోపం లేకపోతే మనిషిలో ఉండాలని జగన్మోహన్ అనుకున్నాడు. లారీల స్టాండులో పదిమంది ముందు తాళాలు ఇచ్చెయ్యమన్నాడు.

"నాను దొంగనని ఎవలూ అననేదు కుమారీ," అన్నాడు గోవిందరాజు. "తాళాలు అడిగినారు, అంతే. దానికన్నా ఆ మాటే అనీసినా బాగుణ్ణు."

సాయం చెయ్యమని అతను అడగలేదు. టీ తాగి వెళ్లిపోయాడు. ఆమే మర్నాడు జగన్మోహన్ దగ్గరికి వెళ్లి, ఆ బండి కంప్యూటర్ పెట్టె కొన్నాళ్లు తనకిమ్మని అడిగింది. అతను అభ్యంతరం చెప్పలేదు. అనుమానపడ్డాడే గానీ అతనికీ మనసు కుదుటగా లేదు.

ఇంజిన్‌లో ఆరు ఇంజెక్టర్లు ఉంటాయి. ఏది ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు డీజిల్ చిమ్మాలో ఈ పెట్టె చెబుతుంది. స్కానర్ చూపించేది పెట్టె ఇచ్చిన ఆజ్ఞను మాత్రమే. ఇంజెక్టరు నిజంగా ఎప్పుడు మూసుకుందో తీగలోని కరెంటు తీరును బట్టి పెట్టెకు తెలుస్తుంది, కాని లోపలి ప్రోగ్రాం ఆ కొలతను ఎక్కడా దాచుకోదు. చూసి వదిలేస్తుంది. దాన్ని దాచేలా చేస్తే చాలనుకుంది రమాకుమారి.

చెప్పినంత తేలిక కాలేదు. ప్రోగ్రాంను బయటికి తీసి, ఏ ముక్క ఏం చేస్తుందో గుర్తుపట్టడానికే రెండు వారాలు పట్టింది. తరవాత ఖాళీగా పడున్న మెమరీలో చిన్న ముక్క ఒకటి రాసింది. ప్రతి ఇంజెక్టరుకూ అడిగిన సమయం, అది మూసుకున్న సమయం, పెట్టె వేడి, ఈ మూడూ అందులో చేరుతాయి. డీజిల్ పోసే పనిలో మాత్రం వేలు పెట్టలేదు. కొలిచే చెయ్యే కొలవాల్సినదాన్ని కదిపితే ఆ కొలతకు విలువ ఉండదని ఆమె నమ్మకం.

మొదటిసారి బిగించినప్పుడు ఇంజిన్ స్టార్టే కాలేదు. ప్రోగ్రాం తనను తాను సరిచూసుకునే అంకె ఒకటి ఉంటుంది, దాన్ని మార్చడం మరిచిపోయింది. రెండోసారి స్టార్టయింది.

ఆదివారం ఉదయం లోడుతో బయలుదేరారు. జగన్మోహన్ ఒకప్పుడు డ్రైవరే కనక తానే నడిపాడు. ఆమె పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదటి గంట తెర మీద, ఇంజెక్టరుకొకటి చొప్పున, ఆరు గీతలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. డాన్‌కుని దాటాక, ఎండ ముదిరి పెట్టె కాగాక, మూడో గీత పక్కకు జరగడం మొదలైంది. మూసుకోమన్నాక కూడా మూడో ఇంజెక్టరు కాస్త ఆలస్యంగా మూసుకుంటోంది. ఆ కాస్తలోనే ప్రతి చుట్టుకూ ఎక్కువ డీజిల్ పోతోంది.

జగన్మోహన్ బండి పక్కకు ఆపి తెర వైపు చూశాడు. ఇంజెక్టరే పాడైందన్నమాట, మార్పించేస్తానన్నాడు. అతని మాట తేలికపడింది. రమాకుమారి గీతల పక్కనున్న వేడి అంకెలు చూసింది. గీత జరిగింది ఇంజిన్ వేడితో కాదు, పెట్టె వేడితో. అంటే లోపం ఇంజెక్టరులో కాదు, పెట్టెలోనే ఉంది. ఆ తేడా ఆమె ఒక్కదానికే తెలిసింది.

సాయంత్రం గదిలో పెట్టె విప్పింది. మూడో ఇంజెక్టరుకు కరెంటు ఆపే ట్రాన్సిస్టర్ చుట్టూ ఉన్న టంకం ఆమెదే. పుస్తకం తీసి చూసింది. ఫిబ్రవరిలో ఇదే పెట్టె బాగుకొచ్చినప్పుడు, ఆ ట్రాన్సిస్టర్ కాలిపోయి ఉంటే, కొత్తది దొరకక, పాత పెట్టెలోంచి ఒకటి పీకి వేసింది. వేడిగాలి తగిలించి చూసింది. చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంది, వేడెక్కగానే కరెంటు ఆలస్యంగా ఆపుతోంది.

కొత్తది వేసి ఊరుకోవచ్చు. ఇంజెక్టరుదే తప్పని జగన్మోహన్ ఎలాగూ నమ్మాడు. గోవిందరాజు నిర్దోషి అవుతాడు, ఆమె పేరూ చెడదు. ఆ ఆలోచన చాలాసేపు నిలిచింది. కాని ఇన్నాళ్లూ తను చేసిన పనికి ఇంకొకరు తలవంచుకుని తిరిగారన్నది ఎటు తిప్పి చూసినా మారలేదు.

మర్నాడు గోవిందరాజు ఇంటికి వెళ్లింది. అతని భార్య ముసలమ్మ పీట వేసింది.

"చిన్నాన్నా, తప్పు బండిది కాదు, నీదీ కాదు," అంది రమాకుమారి. "ఫిబ్రవరిలో నాను ఏసిన ముక్కే ఈ పని సేసింది."

ముసలమ్మ ముఖం తిప్పుకుంది. "అప్పుడే సూసుకోవాల కదేటి," అని లోపలికి వెళ్లిపోయింది. గోవిందరాజు మాత్రం ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నామీద నాకే అనుమానం వచ్చీసింది కుమారీ," అన్నాడు. "నాను పడుకున్నప్పుడు ఎవలైనా తీసీస్తున్నారేమో, నాకే తెలీడం నేదేమో అని. అదొకటి తీరింది."

క్షమించానని అతను అనలేదు, ఆమె అడగలేదు. ఆ తరవాత ఇద్దరూ స్టాండుకు వెళ్లారు. డ్రైవర్లు గుమిగూడే వేళ చూసి, ఆమె బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి జరిగింది చెప్పింది. ఇంటి దగ్గర చెప్పుకుంటే సరిపోయేది కదా అన్నాడు జగన్మోహన్, ఇబ్బందిగా. తాళాలు ఇక్కడే తీసుకున్నారు కదా అని ఆమె జవాబు. అతను గోవిందరాజు చెయ్యి పట్టుకుని, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. తిరిగి రమ్మని కూడా అడిగాడు. గోవిందరాజు వెళ్లలేదు. మెటియాబ్రుజ్‌లో ఇంకొక యజమాని బండి దొరికింది, అక్కడ కొత్తగా మొదలుపెట్టడమే సుఖమనుకున్నాడు.

రమాకుమారి గదికి ఆ వర్షాకాలమంతా బేరాలు తగ్గాయి. ఆ దీదీయే పాడుచేసిందట అన్న మాట బండ్లతోపాటు తిరిగింది. వచ్చిన పెట్టెల్ని మాత్రం ఇప్పుడు ఒక రోజంతా వేడిలో నడిపి, ఆరు గీతలూ చూశాకే ఇస్తోంది. ఆలస్యమవుతుందని విసుక్కునేవాళ్లు వేరే చోటికి వెళతారు. దసరా పూజలు దాటాక జగన్మోహన్ తన మిగతా రెండు బండ్ల పెట్టెలు తానే పట్టుకొచ్చి, వాటిలో కూడా ఆ కొలతలు దాచే ప్రోగ్రాం వెయ్యమని బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ కాసేపు ఇంజెక్టర్ల సంగతే మాట్లాడుకున్నారు.