ఫిబ్రవరిలో కొనాల్సిన తూటాలు

ఆ అమ్మాయి మా బేస్‌మెంట్‌లోకి దిగేనాటికి కెనడాలోని మా కాల్గరీలో ఎక్కడ చూసినా మన పిల్లలే. సీట్రెయిన్ అనే సిటీ రైల్‌లో, బస్‌స్టాపుల్లో, కాఫీ షాపు కౌంటర్ల వెనక, అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే కిరాణా కొట్లలో. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు గది దొరకడమే గగనమైపోయింది. మా చర్చిలో ఒక పెద్దావిడ "మీ బేస్‌మెంట్ ఖాళీయే కదమ్మా" అంటే కాదనలేకపోయాను. భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చిందా అమ్మాయి. వచ్చిన వారంలోనే నన్ను ఆంటీ అని, మా ఆయన్ని అంకుల్ అని వరస కలిపేసింది. నాకు నచ్చింది. నేను ఆదివారాలు మధ్యాహ్నం ఎక్కడికి వెళ్తానో ఆమెకు తెలియనంత వరకూ బాగానే నచ్చింది.

నేను రైఫిల్ క్లబ్బుకు వెళ్తాను. గుంటూరులో కాలేజీ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో ఉండేదాన్ని. క్యాంపులో బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేల్చినప్పుడు భుజానికి తగిలే ఆ చిన్న కుదుపు పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, అమెరికా వెళ్ళి అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చినా నన్ను వదల్లేదు. నలభై దాటాక సేఫ్టీ కోర్సు చేసి, లైసెన్సు తెచ్చుకుని, ఒక పాత బోల్టు రైఫిల్ కొనుక్కున్నాను. "ఈ వయసులో తుపాకీ ఏంటే, నవ్వుతారు" అన్నారు మా ఆయన. నవ్వలేదెవరూ. పైగా మనవాళ్ళ ఫంక్షన్లలో "ఈవిడ షూటింగ్ చేస్తారండీ" అని నన్ను చూపించేవారు. ఆఫీసులో నాలాంటి వాళ్ళు వంద మంది. వంటలో నాకన్నా చేయి తిరిగిన వాళ్ళు వీధికి ఇద్దరు. ఇది మాత్రం నాది. మనవాళ్ళలో ఇంకెవరికీ లేదు.

ఆ అమ్మాయి ఒకరోజు పైకి వచ్చేసరికి నేను డైనింగ్ టేబుల్ మీద రైఫిల్ గొట్టం శుభ్రం చేసుకుంటున్నాను. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఆంటీ! పాయింట్ టూటూనా అండి?"

"నీకెలా తెలుసు?"

"ఎన్.సి.సి. అండి. సీ సర్టిఫికెట్. ఫైరింగ్‌లో స్టేట్ క్యాంపు దాకా వెళ్ళానండి."

నేను స్టేట్ క్యాంపు దాకా వెళ్ళలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. లైసెన్సు లేకపోయినా, ఉన్నవాళ్ళు పక్కనే ఉంటే రేంజ్‌లో కాల్చవచ్చు. "ఆదివారం వస్తావా?" అన్నాను. పిలిచింది నేనే.

మొదటిసారి ఆమె కాల్చినప్పుడు నేను పక్కనే కూర్చుని దుర్బిణిలోంచి టార్గెట్‌ చూస్తున్నాను. ఐదు గుళ్ళూ ఒకే చోట పడ్డాయి, చొక్కా బొత్తంతో కప్పేసేంత చోటులో. అది నా రైఫిల్. దాని ట్రిగ్గర్ కాస్త బిగువని, చలికి ఇంకా బిగుస్తుందని తెలుసుకోవడానికి నాకే ఒక శీతాకాలం పట్టింది. ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ట్రిగ్గర్ కొంచెం టైటుగా ఉందాండీ?" అంది.

క్లబ్బులో కోచ్‌గా ఉండే పెద్దాయన మా వెనకాలే నిలబడి ఉన్నాడు. రిటైరైన స్కూలు మాస్టారు. మితభాషి. నాతో ఇన్నేళ్ళలో "బాగుంది" అన్న సందర్భాలన్నీ నాకు గుర్తున్నాయి, అంత తక్కువ. ఆయన దుర్బిణిలోంచి చూసి ఆమెతో, "మళ్ళీ కాల్చు" అన్నాడు. మళ్ళీ కాల్చింది. ఆయన నవ్వాడు. ఆ మనిషి పళ్ళు నేను చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి నా ఆదివారాలు నావి కాకుండా పోయాయి. కారులో కూర్చోగానే ఆమె ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించాలో మాట్లాడేది. నేను రోడ్డు వంక చూస్తూ ఊఁ కొట్టేదాన్ని. రేంజ్‌లో అందరూ మొదట ఆమెను పలకరించి ఆ తర్వాత నన్ను పలకరించేవాళ్ళు. ఇంట్లో మా ఆయన కూడా, "ఇవాళ ఎలా కొట్టింది మన పిల్ల?" అని అడిగేవారు. నేనెలా కొట్టానో అడగడం మానేశారు.

ఇక్కడ తూటాల సంగతి చెప్పాలి. పెద్ద తుపాకులు కాల్చేవాళ్ళు ఖాళీ తొడుగులు ఏరుకుని, ఇంట్లోనే మందు నింపి మళ్ళీ వాడుకుంటారు. మా పాయింట్ టూటూ తూటా, రిమ్‌ఫైర్ అంటారు, అలా కాదు. ఒకసారి పేలితే అంతే, పారెయ్యాల్సిందే. ప్రతి గుండూ కొట్లోంచే రావాలి. పైగా ప్రతి రైఫిల్‌కూ ఒక తిండి సయిస్తుంది. నా దానికి ఖరీదైన పోటీ తూటాలేవీ సయించలేదు. ఒక సాదా రకం, చవకది, అదే పడింది. ఆ రకంలోనూ ఒకే బ్యాచ్‌వి అయితే గుళ్ళు ఒక చోట పడతాయి, బ్యాచ్ మారితే చెదురుతాయి. అందుకని మంచి బ్యాచ్ దొరికినప్పుడు ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవాలి. అది ఎప్పుడన్నదే ప్రశ్న. మా ఆల్బర్టా రాష్ట్రంలో జవాబు ఫిబ్రవరి. బయట ముక్కు ఊడిపోయే చలిలో ఎవరూ అంతగా కాల్చరు, కొట్లలో సరుకు కదలదు. మంచు కరిగిందంటే పొలాల్లో బొరియలు తవ్వే గోఫర్లు, ఉడతలకు మేనమామల్లాంటివి, పైకి వస్తాయి. రైతులు, కుర్రకారు వాటిమీద పడతారు. చవక తూటాలు అరల్లోంచి మాయమవుతాయి. కోవిడ్ తర్వాతయితే అసలే కరువు.

ఏటా ఫిబ్రవరిలో కోచ్ నాకు ఫోన్ చేసి, "నీ సరుకు వచ్చింది, వెళ్ళి తెచ్చుకో" అనేవాడు. ఆ ఏడు ఫోన్ రాలేదు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది.

"ఆంటీ, కోచ్ గారు చెప్పారండి. మన బ్యాచ్ మళ్ళీ వచ్చిందంట. రేపు పొద్దున్నే వెళ్తే దొరుకుతుందంట."

"మన బ్యాచా?"

"అదే అండి, మీ రైఫిల్‌కి పడేది."

ఆయన ఆమెకు చెప్పాడు. నాకు కాదు, ఆమెకు. తూటాలు కొనడానికి లైసెన్సు కూడా లేని పిల్లకు. నా చెవుల వెనక వేడెక్కింది.

"ఇప్పుడు రేట్లు ఎక్కువున్నాయమ్మా. మార్చిలో తగ్గుతాయి," అన్నాను.

"తగ్గవేమో అండి. గోఫర్ల సీజన్ వస్తుందని ఆయనే..."

"నేను ఎన్నేళ్ళ నుంచి కొంటున్నానో తెలుసా?"

ఆమె తల ఊపి, "సరే అండి" అని దిగిపోయింది. మా ఆయన సోఫాలోంచి, "మార్చిలో ఎప్పుడైనా తగ్గాయా?" అన్నారు. నేను టీవీ సౌండ్ పెంచాను.

మార్చిలో తగ్గలేదు. మార్చి చివర్లో ఒక వారం చినూక్ అనే వెచ్చటి గాలి వీచి మంచంతా ముందే కరిగింది. నేను షాపుకు వెళ్ళేసరికి ఆ అరలో దుమ్ము తప్ప ఏమీ లేదు. కౌంటర్ దగ్గర కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, శరదృతువు దాకా రాదన్నాడు. ఇంకో రెండు షాపులు తిరిగాను. వేరే రకాలు కొన్ని తెచ్చి కాల్చి చూశాను. పెరట్లో గింజలు చల్లినట్టు టార్గెట్ నిండా పడ్డాయి.

జూన్‌లో క్లబ్బు పోటీ ఉంది. నా దగ్గర ప్రాక్టీసుకు కూడా చాలని కొసరు మిగిలింది. ఆదివారాలు "ఆఫీసు పని" అని వంక పెట్టి మానేయడం మొదలుపెట్టాను. ఆమె ఏమీ అడిగేది కాదు. కానీ మధ్యాహ్నం కాగానే బయట ఎవరిదో కారు వచ్చి ఆగేది. కిటికీ తెర పక్కకు తీసి చూస్తే, కోచ్. ఆయన ఆమెను తన కారులో తీసుకువెళ్తున్నాడు, తన రైఫిల్ ఇచ్చి కాల్పిస్తున్నాడు. నన్నెప్పుడూ ఆయన ఇంటికి వచ్చి తీసుకువెళ్ళలేదు. నాకు కారుందనుకోండి. అయినా.

మే నెలలో ఆమెకు లైసెన్సు వచ్చింది. ఆ శనివారం ఫ్రెండ్స్‌తో ఎక్కడికో వెళ్ళి, ఎండకు కమిలిన మొహంతో తిరిగొచ్చింది. చేతిలో ఒక బరువైన అట్టపెట్టె. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఊరి బయట ఉన్న చిన్న చిన్న హార్డ్‌వేర్ కొట్లన్నిటికీ ఫోన్లు చేసిందట. రైతులు సీజన్ మొదట్లోనే కొనేసి తర్వాత మళ్ళీ ఆ వైపు చూడరు కనక, వాళ్ళు వదిలేసింది ఎక్కడో మిగిలి ఉంటుందని లెక్కేసిందట. తూర్పున గోధుమ చేల మధ్య ఒక కొట్లో, వెనక గదిలో, మా బ్యాచే దొరికిందట. ఇదంతా మా ఆయనకు చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. చేయి మాత్రమే మంచిదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎప్పుడు కొనాలో, ఎక్కడ కొనాలో కూడా ఆమెకే తెలిసింది.

పోటీ దగ్గర పడింది. రెండు రోజులు నాలో నేను కొట్టుకున్నాను. చివరికి సాయంత్రం బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. స్టవ్ మీద పప్పుచారు పొంగుతోంది.

"అమ్మాయ్, ఓ రెండు పెట్టెలు ఇస్తావా? శరదృతువులో సరుకు రాగానే నీకు తిరిగి కొనిపెడతాను."

ఆమె స్టవ్ తగ్గించి, చెంగున లేచినట్టు వెళ్ళి, తాళం వేసిన ఇనప పెట్టె తెరిచింది.

"అదేంటండీ, మీ రైఫిల్ కోసమే కదా కొన్నాను. నాకు రైఫిల్ ఎక్కడుందండీ? మీరు ఒకప్పుడు, నేను ఒకప్పుడు కాలుద్దాం."

లేదని అని ఉంటే బాగుండేది. కనీసం ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది. ఆమె ఇచ్చిన తీరుకు నాకు కడుపు మరింత మండింది. పెట్టెలు పట్టుకుని మెట్లెక్కుతుంటే వెనక నుంచి, "పప్పుచారు తీసుకెళ్ళండి ఆంటీ, అంకుల్‌కి ఇష్టం" అని పిలిచింది. గిన్నె కూడా తెచ్చుకున్నాను.

పోటీ రోజు గాలి లేదు. ఎండ పల్చగా ఉంది. మొదటి విడతలో నేను కాల్చాను. బోర్లా పడుకోగానే ఏమైందో తెలియదు, చుట్టూ ఏమీ వినిపించలేదు. రైఫిల్ చెక్క చెంపకు చల్లగా తగులుతోంది. ఒక్కో గుండు వదిలాక అది ఎక్కడ పడిందో చూడకుండానే తెలిసింది. టార్గెట్ కార్డు చేతికొచ్చాక చూసుకుని, మళ్ళీ చూసుకున్నాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. కోచ్ నా వైపు వస్తుంటే ఆ కార్డు ఆయనకు చాచాను.

"బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. అంటూనే రైఫిల్ వైపు చూసి, "గొట్టం వేడిగా లేదు కదా? ఆ అమ్మాయి తర్వాతి విడతలో ఉంది" అన్నాడు.

ఆమె నా చాప మీదే పడుకుంది. నా రైఫిల్‌తోనే కాల్చింది. నేను వెనక నిలబడ్డాను. ఒక్క గుండు గురి తప్పినా చాలు, ఒక్కటంటే ఒక్కటి, అనుకున్నాను. తప్పలేదు. ఆమె కార్డు చూడటానికి జనం మూగారు. ఎవరో నా భుజం తట్టి, "మీ అమ్మాయా?" అని అడిగారు. "కాదు, మా ఇంట్లో అద్దెకుంటుంది" అన్నాను. మెడల్ వేశాక ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి కావలించుకుంది. నా చేతులు ఆమె వీపు మీద ఎలా పెట్టాలో తెలియలేదు. నాకు రెండో స్థానం వచ్చింది. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె మెడల్ తీసి బ్యాగులో పెట్టేసుకుంది. అలా పెట్టుకోవడం కూడా నన్ను చూసేనని నాకు అర్థమైంది. దానికీ ఉడుక్కున్నాను.

చదువు అయ్యాక ఆమెకు ఆంటారియోలో, కేంబ్రిడ్జ్‌లో, ఒక గోడౌన్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. వెళ్ళేముందు మిగిలిన తూటాలన్నీ పైకి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "విమానంలో గొడవెందుకండీ" అంది. ఆ తర్వాతి ఆదివారం రేంజ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. కావలసినంత చోటు. కోచ్ వచ్చి ముందు అడిగిన మాట, "అక్కడ మంచి క్లబ్బు దొరికిందా ఆమెకు?"

పోయిన చలికాలం ఆమె ఫోన్ చేసింది. కొత్త ఉద్యోగం, కొత్త రైఫిల్, వర్క్ పర్మిట్ అన్నీ చెప్పింది. "అక్కడ గోఫర్లు లేవుగా, మరి తూటాలు ఎప్పుడు కొంటావు?" అని అడిగాను. ఇక్కడి మార్గం అక్కడ పనికిరాదని, వేట కాలానికి ముందు, సెప్టెంబరులో స్కూళ్ళు తెరిచే రోజుల్లో కొనాలని కనిపెట్టిందట. అది విని కాస్త చురుక్కుమంది. తర్వాత ఆమె గొంతు తగ్గించింది.

"ఆంటీ, మా క్లబ్బులో ఒక పంజాబీ పిల్ల చేరిందండి. హైస్కూల్ చదువుతోంది. మొన్న నా రైఫిల్ అడిగి తీసుకుని కాల్చింది. అసలు... నాకు ఏడుపొచ్చిందండి. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మీరెలా తట్టుకున్నారండీ?" అంది.

అంటే ఆమెకు ముందు నుంచీ తెలుసు. మార్చిలో రేట్లు తగ్గుతాయని నేనన్నప్పుడూ తెలుసు.

"తట్టుకోలేదమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన గదిలోంచి వచ్చి ఎవరని సైగ చేస్తే, చేత్తో ఆగమని చెప్పి, "ఆ పిల్ల మోచెయ్యి ఎలా ఆనిస్తోంది, అది చూశావా?" అని అడిగాను.