తాత వెలిగించిన నిప్పు, టీచరమ్మ చెప్పిన నిప్పు

బైబిలు కథల్లో నాకు మొదట కంటపడింది దేవుడు కాదు, నిప్పు. అది నా తప్పు కాదు, కొరాపుట్ వానల తప్పు. అక్కడ ముసురు పట్టిందంటే కట్టెలు ఎండవు, బట్టలు ఎండవు, ఉప్పు జాడీలో నీళ్ళు ఊరతాయి. అలాంటి ఊళ్ళో తొమ్మిదేళ్ళ పిల్లకి ఏ కథ చెప్పినా, అందులో వెచ్చగా కూర్చునే చోటు ఎక్కడుందా అని ముందు వెతుక్కుంటుంది.

మా ఇంటి పక్క వాటాలో ఒక టీచరమ్మ ఉండేది. పార్వతీపురం వైపు మనిషి. మిషను బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది, ఆదివారాలు బైబిలు కథలు చెప్పేది. ఆ కథలు ముందుగా ఎవరి మీదైనా ప్రయోగించి చూసుకోవాలి కదా! ఆ ఎవరో నేనే. సాయంత్రం బడి నుంచి వచ్చి, రెండు వాటాలకీ ఉమ్మడిగా ఉన్న వరండాలో పీట వేసుకుని మొదలుపెట్టేది. గుమ్మానికి లోపలివైపు మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది. కథ వినడానికి కాదట. మడి కట్టుకుని వంట చేసుకునే మనిషికి మిషను కథలతో ఏం పని? అయితే కథలోకి నిప్పు రాగానే చేటలో చెయ్యి ఆగిపోయేది.

నిప్పంటే మామ్మకి అంత పట్టింపు ఎందుకో చెప్పాలి. మా తాత జమీందారీ ఎస్టేటు కచేరీలో అమీను. భూములు కొలవడం ఆయన పని. నెలలో సగం రోజులు నందపూర్ వైపో లక్ష్మీపూర్ వైపో కేంపులోనే ఉండేవాడు. తిరిగి వచ్చినప్పుడు మామ్మ ఆయన్ని నూతి దగ్గరే ఆపేసి, నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించాకగానీ ఇంట్లోకి రానిచ్చేది కాదట. కొరాపుట్ రాకముందు మావాళ్ళు ఉన్న రాయగడ ఇంట్లోకి దిగిన రోజున పొయ్యిలో నిప్పు వెలిగించింది తాతే. ఆ ఏడే కేంపు నుంచి జ్వరంతో వచ్చి, మళ్ళీ లేవలేదు. నేను పుట్టకముందు మాట. మైల రోజుల్లో పొయ్యి వెలిగించకపోయినా, మామ్మ ఆ నిప్పుని కుంపట్లో నివురు కింద దాచింది. అప్పటినుంచి ఆరనివ్వలేదు. రాత్రి పిడక పెట్టి బూడిద కప్పేది, తెల్లారి నివురు తీసి ఊదేది. అగ్గిపెట్టె మా వంటింటి గడప తొక్కి ఎరగదు.

ఎస్టేటులు పోయాక నాన్నకి సర్కారు కచేరీలో పని ఇచ్చి కొరాపుట్ బదిలీ చేశారు. సామాను లారీలో వెళ్ళింది. నిప్పు మాత్రం బస్సులో, మామ్మ ఒళ్ళో కుంపట్లో వెళ్ళింది. రాయగడలో బస్సు దగ్గర కండక్టరు ఆపేశాడు. "మావుసీ, నియా?" అని కుంపటి చూపించాడు. వాళ్ళ ఒడియాలో మావుసీ అంటే పిన్ని, నియా అంటే నిప్పు. మామ్మ తల అడ్డంగా ఊపి, "నిప్పు కాదు నాయనా, మా ఆయన" అంది. కండక్టరుకి ఆ మాత్రం తెలుగు వచ్చు. కుంపట్లోకి తొంగి చూశాడు. పైన తెల్లటి బూడిద. పాపం, చేతులు జోడించి డ్రైవరు పక్క సీటు ఇచ్చాడు. ఘాటీ మలుపుల్లో అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కక్కుకుంటుంటే, మా తాత ఒక్కడే ఏ బాధా లేకుండా ముందు సీట్లో ప్రయాణం చేశాడు.

అలాంటి మామ్మ ముందు టీచరమ్మ, పొద మండుతోంది కానీ కాలిపోవడం లేదు అని చెప్పింది. గుమ్మం వెనకనుంచి, "పచ్చికట్టె అయ్యుంటాది. పొగే తప్ప మంటుండదు" అని వినిపించింది. ఆ పొదలోంచి దేవుడు, చెప్పులు విప్పి రా అన్నాడనేసరికి మాత్రం మామ్మ మెచ్చుకుంది. "అదిగో, మడి తెలిసినోడు. మీ నాన్నకి సెప్పు, బూట్లతో వంటింట్లోకి రావద్దని."

ఎడారిలో నలభై ఏళ్ళు నడిచిన జనానికి రాత్రిపూట దారి చూపించిన నిప్పు స్తంభం గురించి విన్నప్పుడు, అన్నేళ్ళు దానికి కట్టెలు ఎవరు మోసేరు అని అడిగింది. టీచరమ్మ నవ్వి, దేవుడి నిప్పుకి కట్టెలక్కర్లేదు మామ్మగారూ అంది. మామ్మ అది ఒప్పుకోలేదు. కట్టె లేకుండా మండే నిప్పుంటే ముందు కొరాపుట్‌కి పంపమంది.

విగ్రహానికి మొక్కలేదని రాజు కొలిమిలో తోయించిన ముగ్గురి కథ నాకు ప్రాణం. ఏడు రెట్లు మండించిన కొలిమిలోంచి వాళ్ళు హాయిగా నడిచి వచ్చారు, తలవెంట్రుక కాలలేదు, బట్టలకి పొగవాసన కూడా అంటలేదు అని టీచరమ్మ చెప్పింది. అప్పుడు మామ్మ చేట పక్కన పెట్టి ఏకంగా గుమ్మం దాటి వచ్చేసింది.

"కాలకపోతే కాలకపోనాది, దేవుడి దయ. వాసన రానేదంటే మట్టుకు నాను నమ్మను. నిప్పు కాడ కూకున్నోడికి వాసన అంటకుండా ఉంటాదేటి? ఎంత దూరం నుంచొచ్చినా తెలిసిపోతాది."

టీచరమ్మ వాదించలేదు. ఎందుకంటే ప్రతి పొద్దున్నా ఆవిడ పొయ్యి వెలిగేది మామ్మ నిప్పుతోనే. గోడ మీంచి కుండపెంకు అందిస్తే మామ్మ రెండు కణికలు వేసి ఇచ్చేది. మంగళవారం, శుక్రవారం మాత్రం ఇచ్చేది కాదు. ఆ రెండు రోజులూ ఇంట్లో నిప్పు బయటికి పోకూడదని పట్టింపు. అందుకని సోమవారం రాత్రీ గురువారం రాత్రీ టీచరమ్మ కూడా తన పొయ్యిలో పిడక పెట్టి బూడిద కప్పుకోవడం నేర్చుకుంది. చదువు చెప్పే మనిషి కదా, తొందరగానే వచ్చింది.

ఇక నా కొంప ముంచిన కథ. కొండమీద ఒక ప్రవక్త బలిపీఠం కట్టి, కట్టెలు పేర్చి, వాటి మీద నాలుగేసి కడవల నీళ్ళు మూడుసార్లు పోయించాడు. అయినా పైనుంచి నిప్పు పడి కట్టెలూ రాళ్ళూ నీళ్ళూ అన్నీ మండిపోయాయి. ఇది విని మామ్మ పకపకా నవ్వింది. "మన కట్టెల మీద దేవుడు రోజూ పోస్తనే ఉన్నాడు. ఏదీ, ఒక్కసారైనా అంటుకున్నాయా?" టీచరమ్మ మొహం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది. ఆ ప్రవక్త తరఫున మామ్మతో పోట్లాడాను. నిజంగా అంటుకుంటాయి, చూపిస్తా అన్నాను. నాకు చిన్నప్పటినుంచీ నోరే శత్రువు.

ఆ శ్రావణంలో అమ్మ పురిటికి బొబ్బిలి వెళ్ళింది. నాన్న లక్ష్మీపూర్ కేంపు వెళ్ళాడు. మామ్మకి చలిజ్వరం పట్టుకుంది. గురువారం రాత్రి గొంగళి కింద వణుకుతూ, నిప్పు కప్పడం నా చేత చేయించింది. "పొద్దున్నే నివురు తీసి ఊదు. నీ సేతిలో పెడతన్నాను, జాగర్త" అంది. మామ్మ నా చేతికి ఆ పొయ్యి ఇవ్వడం అదే మొదటిసారి. గర్వంతో నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే లేచి నివురు తీశాను. కణికలు ఎర్రగా నవ్వాయి. అక్కడితో ఊదుకుని జావ కాచేస్తే కథే లేదు. కానీ వంటింట్లో నేను ఒక్కర్తినే ఉన్నాను, ఎదురుగా కట్టెలున్నాయి, పక్కన బిందె నిండా నీళ్ళున్నాయి. కట్టెలు నాలుగుపక్కలా పేర్చాను. దేవుడా, మామ్మకి బుద్ధి చెప్పు అని దణ్ణం పెట్టుకున్నాను. మొదటి చెంబు పోశాను. బుస్సుమంది. రెండోది పోశాను. పొగ లేచింది. మూడో చెంబుకి పొయ్యిలోంచి నల్లటి నీళ్ళు నా కాళ్ళ మీదకి వచ్చాయి. తల ఎత్తి చూశాను. పెంకు సందులోంచి ఒక వాన చుక్క నా ముక్కు మీద పడింది. పైనుంచి వచ్చింది అదొక్కటే.

అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. వేళ్ళతో బురద కెలికాను. ఒక్క కణిక కూడా లేదు. ఎన్నో ఏళ్ళు మామ్మ కాపాడుకున్న తాతని నేను మూడు చెంబులతో చంపేశాను. ఏడుపు కూడా రాలేదు, అంత భయం వేసింది.

"అమ్మీ, నిప్పు బాగుందా?" గొంగళి కిందనుంచి మామ్మ పిలిచింది.

"బాగుంది మామ్మా."

"పొగ కంపొస్తందేటి?"

"కట్టె తడిగా ఉంది మామ్మా."

"ఆరిపోనేదు గదా?"

"లేదు మామ్మా."

ఆ మాట నోట్లో ఉండగానే పక్క వాటాలో టీచరమ్మ కోడి కూసింది. ప్రభువు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అబద్ధమాడిన శిష్యుడి కథ అంతకు వారం ముందే విన్నాను. అతగాడు కూడా నిప్పు దగ్గర చలి కాచుకుంటూనే ఆడాడు. నాకు ఆ సుఖం కూడా లేదు, తడి పొయ్యి దగ్గర ఆడాను. కోడి కూయగానే అతను బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేనూ దొడ్డివైపు పరుగెత్తి, టీచరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి భోరుమన్నాను.

టీచరమ్మ పొయ్యి ముందు కూర్చుని బొగ్గుల మీద ఎండుచేపలు కాలుస్తోంది. నా మాట పూర్తిగా విని, ముందు తల పట్టుకుంది. "ఓలమ్మో, కథ సెప్తే పొయ్యిలో నీళ్ళోసీసేవా?" పాఠం చెప్పే భాష అంతా ఎగిరిపోయింది. తర్వాత ఒక్కసారి ఆగి పొయ్యికేసి చూసింది. "ఉండు. ఈవేళ శుక్రవారం కదా! ఇది నిన్నటి నిప్పు. నిన్న పొద్దున్న మామ్మగారిచ్చినదే. రాత్రి కప్పుకున్నాను."

మంగళవారం తప్ప వేరే ఏ రోజైనా అయితే ఆ వేళకి ఆవిడ పొయ్యి చల్లగా ఉండేది. శుక్రవారం నిప్పివ్వనని మామ్మ అంటూ ఉండబట్టే తాత పక్కింట్లో బతికి ఉన్నాడు. టీచరమ్మ చేపలు పక్కకి తీసి, నాలుగు మంచి కణికలు కుండపెంకులో వేసి ఇచ్చింది. వాన తగలకుండా పైన చేట పట్టుకుని గోడ దాకా వచ్చింది.

తడి బూడిద ఎత్తేసి, పొయ్యి తుడిచి, పొడి పిడక పెట్టి ఊదాను. కళ్ళల్లో నీళ్ళు పొగవల్లో ఏడుపువల్లో తెలియలేదు. మంట లేచింది. జావ కాచి, గిన్నె పట్టుకుని మామ్మ దగ్గరకి వెళ్ళాను. ఇక భయం లేదనుకున్నాను.

మామ్మ లేచి కూర్చుంది. గిన్నె అందుకోలేదు. ముక్కు ఎగబీల్చింది. నా చెయ్యి లాగి వాసన చూసింది. నా పరికిణీ వాసన చూసింది. అప్పుడు నాకు తట్టింది. కొలిమిలో పడ్డవాళ్ళకి అంటని వాసన నాకు నిలువెల్లా అంటుకుంది. మడి వంటింట్లో ఎండుచేపల వాసన.

"ఎక్కడిది నిప్పు?"

ఈసారి కోడి కూసేదాకా ఆగలేదు. మొత్తం చెప్పేశాను. చెంబులు, కట్టెలు, ప్రవక్త, అబద్ధాలు, అన్నీ. దెబ్బల కోసం వీపు కూడా తిప్పి ఉంచాను. ఎంతసేపటికీ పడలేదు. తిరిగి చూస్తే మామ్మ పెదవి బిగబట్టుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. రెండూ చేస్తోంది.

"మీ తాత కేంపు నుంచొచ్చినప్పుడల్లా ఇదే వాసన. అక్కడెక్కడో కాల్పించుకుని తినీవోడు. నేదు నేదని ఒట్లు పెట్టీవోడు. నూతికాడ ఎన్ని సేదలు పోసినా పొయ్యీది కాదు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పక్కింటికి కేంపెల్లి, తినొచ్చేడు. ఇన్నేళ్ళకి బుద్ధి మారనేదు."

జావ గిన్నె అందుకుని ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆదివారం టీచరమ్మ చెప్పడానికి తయారు చేసుకున్న కథ ఆ శిష్యుడిదే, కోడి కూశాక జరిగిన మిగతా కథ. అబద్ధమాడినవాడి కోసం ప్రభువు తెల్లారకట్ల ఒడ్డున బొగ్గులు రాజేసి, వాటి మీద చేపలు కాల్చి, రా, తిను అని పిలిచాడట. గుమ్మం వెనక మామ్మ ఈసారి ఒక్క తప్పు కూడా పట్టలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. జ్వరం తగ్గిన మామ్మ గోడ దగ్గర నిలబడి టీచరమ్మని కేకేసింది. చేతిలో పట్టకారు, పట్టకారులో ఎర్రటి కణిక.

"పెంకు తే టీచరమ్మా."

"ఈవేళ శుక్రవారం మామ్మగారూ."

"నాకు తెలీదేటి? పట్టు. మంగళారం, శుక్రారం అని సూడకు, నీ పొయ్యి ఎప్పుడూ ఆరనీకు. మా ఇంట్లో నీళ్ళోసీ ఈ గుంటుంది."