నాలుగో గీతలో నేను రాయించిన పేరు

దయ్యాలకు భయపడే తీరిక నాకు జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. మా పుట్టినూరు పుంగనూరు దగ్గర, సదుం దారిలో ఉంది. ఆ ఊళ్ళో దయ్యముందని అందరూ వదిలేసిన చింతచెట్టు ఒకటి ఉండేది. పెళ్ళికి ముందు నేనే పోయి దాని కింద రాలిన కాయలన్నీ ఏరుకొచ్చేదాన్ని. ఏడాది పొడుగునా మా ఇంట్లో పులుసు ఆ దయ్యం చింతపండుతోనే. ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు.

అయినా ఇది రాస్తున్నాను. ఐదో తరగతితో నా చదువు ఆపించేశారు, తప్పులుంటే దిద్దుకోండి. నేను చూసిందీ, నా చేత్తో తుడిచిందీ మాత్రమే రాస్తాను.

ఎనభైల మధ్యలో సంగతి. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు. మదనపల్లెలో మా ఇంటి వెనక గది ఖాళీగా ఉంటే ఇద్దరు కుర్రాళ్ళకు అద్దెకిచ్చాను. తెల్లచొక్కా, నల్ల టై, సైకిలు. వీధిలో వాళ్ళు బ్యాంకులో పనికి వచ్చారేమో అనుకున్నారు. కాదు, మార్మన్లట. క్రైస్తవుల్లోనే వేరే రకం. ఈడొచ్చిన కుర్రాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి, రెండేళ్ళు ఎక్కడికి పంపితే అక్కడికి పోయి మతం చెప్పాలట. ఒకడు అరవ అబ్బాయి, మాట తక్కువ. రెండోవాడు సుధాకర్, కోనసీమ నుంచి వచ్చాడు. ఇరవై నిండలేదు. జేబు మీద బిళ్ళలో మాత్రం ‘ఎల్డర్’ అని ఉండేది, అంటే పెద్ద అని. మీసం సరిగా రాని పెద్ద.

వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకణ్ణి విడిచి ఒకడు ఉండకూడదట. ఒకడు క్షవరానికి పోతే రెండోవాడు ఆ కొట్టు ముందు కూర్చునేవాడు. ఒకడికి పని, ఇంకొకడికి ఊరికే కూర్చోవడం. తడి తువ్వాలు మంచం మీద పడేసి పోతే గదంతా ముక్కిన వాసన. సుధాకర్ కాలవ గట్టు మీద పుట్టినవాడు, నీళ్ళంటే లెక్కలేదు. మా వీధికి ఎండాకాలంలో నాలుగు రోజులకొకసారి కొళాయి వచ్చేది. మనిషికి ఒక బకెట్ అని కట్టడి చేశాను.

మొదటి రోజు కాఫీ ఇస్తే మేం తాగం అన్నారు.

“యాల నాయనా, కాఫీ తాగితే మీ దేవుడు కండ్లు పీకుతాడా?”

“అబ్బే, అదేం కాదండీ అమ్మగారూ, మా నియమమండి. పాలిస్తే తాగుతామండి.”

“పాలా! మీ దేవునికి మా ఇంటి సంగతి తెలిసినట్టు లేదే.”

సుధాకర్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆ రోజు పాలే ఇచ్చాను, నీళ్ళు కలిపి.

వానలు వెనకబడిన ఆ ఏడు సుధాకర్‌కు కామెర్లు వచ్చాయి. పైవాళ్ళకు తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయపడి గోడకు తిరిగి ఏడ్చేవాడు. వాళ్ళమ్మ పేరు కలవరించేవాడు. నేను నేలఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చాను, ఉప్పు లేని గంజి పోశాను. నెలకు లేచి తిరిగాడు.

ఆ కృతజ్ఞత కొద్దీ ఒక మధ్యాహ్నం అతను ఒక కాగితం తెచ్చాడు. చనిపోయినవాళ్ళ పేర్లు రాసి పంపితే, అమెరికాలో వాళ్ళ గుడిలో బతికున్న మనిషి ఎవరో వాళ్ళకు బదులుగా నీళ్ళలో మునుగుతారట. పోయినవాళ్ళ పేరు చదివి ముంచుతారు. ఆ పోయినవాళ్ళకు పైలోకంలో ఇష్టమైతే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు.

“మా సభలో చేరనివాళ్ళ పేర్లు నేను పంపకూడదండీ. కానీ మీరు నన్ను బతికించారు.”

“కర్సేమన్నా అవుతుందా?”

“ఏం కాదండీ.”

“అట్లయితే రాసుకో. మా ఆయనకు ఎవురు నీళ్ళు పోసినా మంచిదే. బతికుండగా పోసుకునింది తక్కువ.”

నాయన పేరు రాశాడు. అమ్మ పేరు, మా ఆయన పేరు రాశాడు. కాగితం మీద నాలుగు గీతలున్నాయి. ఒకటి మిగిలింది. మిగిలిన కూర పారేయాలన్నా, మిగిలిన గీత వదిలేయాలన్నా నాకు ప్రాణం ఒప్పదు.

“అది ఊరికే పోతాండాది గదా. ఇంకొక పేరు రాయి. మునెమ్మ. నా చెల్లెలు.”

మునెమ్మ గురించి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు చిన్నది. పద్దెనిమిదో ఏట మా ఊరి గుట్టలో బండలు కొట్టడానికి వచ్చిన కదిరప్ప అనేవాడితో వెళ్ళిపోయింది. కులం కాదు, సెంటు భూమి లేదు. మా నాయన మమ్మల్నందరినీ బావి దగ్గర నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాడు, చావుస్నానం చేయించినట్టే. ఆ రోజు నుంచి మునెమ్మ చచ్చినట్టే. ఆమె కుప్పంలో ఉందని మాకందరికీ తెలుసు. తెలిసి కూడా పద్దెనిమిదేళ్ళు ఆమె పేరెత్తలేదు.

“ఎప్పుడు పోయారండీ?” అన్నాడు సుధాకర్.

బావి దగ్గర స్నానం చేసిన ఏడు చెప్పాను. తండ్రి పేరుతో సహా రాసుకుని, “పాపమండీ, చిన్న వయసే” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం కదిరప్ప మా వాకిట్లో నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, అయినా గుర్తుపట్టాను. లోపలికి రమ్మనలేదు.

“వదినా, మునెమ్మ నిన్ను పిల్సుకోని రమ్మనింది.”

“ఎవురికి వదిన? సచ్చిందా?”

“లేదు. తడిసిపోతాండాది.”

“తడిస్తే తుడ్సు. దానికి మదనపల్లె దాకా రావల్నా?”

“తుడ్సి తుడ్సి ఇంట్లో గుడ్డలన్నీ అయిపోయినాయి వదినా.” అతను వాకిట్లోనే చతికిలబడ్డాడు. “నిన్న తెల్లారి ఎవురో నీళ్ళల్లో ముంచినారంటుంది. మీ నాయన పేరు చెప్పి ముంచినారంట.”

సుధాకర్ చేత రాయించిన కాగితం అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కదిరప్ప ఇంట్లో నీళ్ళు ముట్టకూడదని మరచెంబులో నా నీళ్ళు నేను తీసుకుపోయాను. అది తెలిసి అతను అంగడికి పోయి సోడా తెచ్చాడు. “దీనికి అంటు లేదులే వదినా, బుడ్డి మూసే ఉండాది” అన్నాడు. నేను అదీ తాగలేదు.

గుట్ట పక్కన బండలు పరిచిన కప్పుతో ఒక్క గది ఇల్లు. వాన పడి ఆరు నెలలైంది. వీధి చివర బోరింగు దగ్గర ఖాళీ బిందెలు వరసలో ఉన్నాయి. ఆ గదిలో మునెమ్మ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ నేల తడి. జుట్టు చివర నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

“వచ్చినావా అక్కా” అంది. ముందు పళ్ళు రెండు లేవు.

కప్పు చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. చాప ఎత్తి చూశాను. ఇంట్లో ఉన్నది ఒక్క కుండ, అందులో అడుగున రెండు లోటాల నీళ్ళు. వేషమేమో అనుకుని తువ్వాలు తీసుకుని నేనే ఆమె తల గట్టిగా తుడిచాను, కుదుళ్ళ దాకా. వాకిట్లో పిండితే ధారగా కారింది. తిరిగి వచ్చి చూస్తే కుదుళ్ళలోంచి మళ్ళీ ఊరుతోంది. అట్లా ఆరుసార్లు తుడిచాను. ఆమె వేళ్ళ చివర్లు పొద్దంతా బట్టలుతికినదానిలా ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

వాసన చెప్పాలి. బ్లీచింగ్ పౌడర్ వాసన. దాని అడుగున, పదిమంది మునిగిన నీళ్ళు మూసిన గదిలో నిలవుంటే వచ్చేలాంటి పాచి కంపు. నాకు డోకు వచ్చింది. ఆ తువ్వాలు పట్టుకున్న చెయ్యి మట్టితో ఎన్నిసార్లు తోమినా రెండు రోజులు దాంతో అన్నం కలపలేకపోయాను.

మునెమ్మ తనే చెప్పింది. “బుధవారం తెల్లారి బియ్యం చెరుగుతాండా. ఎవురో నా మణికట్టు పట్టుకున్నారు. అంతా తెల్లగుడ్డలు. ఏమో అర్తంగాని మాటలు. మద్దెలో నా పేరు, నాయన పేరు. ఎనక్కి వాల్చి ముంచేసినారు. నేను సావలేదురా, నేను రాను అని అరస్తానే ఉండా, నోట్లోకి నీళ్ళు పోయినాయి. లేసి చూస్తే చేటలో బియ్యం గూడా తడిసిపోయినాయి.”

తరువాత నా మొహంలోకి చూసింది.

“మన నాయన పేరు ఈ ఊర్లో ఎవురికీ తెలీదక్కా. నేను ఏ పొద్దూ చెప్పలే. ఎవురు చెప్పినారు?”

“జరమొచ్చి పేలుతాండావు. చెమట అది” అన్నాను.

సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాను. చచ్చిపోతుందేమో అన్న భయం ఒక పక్క, ఒప్పుకుంటే కదిరప్ప ముందు తల వంచాలన్న రోత ఒక పక్క. రోతే గెలిచింది.

సుధాకర్‌కు మాత్రం చెప్పాను.

“బతికున్న మనిషినా అండీ? మీరు చెబితే నమ్మి రాశానండీ నేను.”

మురుగుకాలవను చూసినట్టు చూశాడు నన్ను. అది చాలదన్నట్టు ఆ పూట నేను పెట్టిన అన్నం ముట్టలేదు. ఆ రాత్రే పైవాళ్ళకు తప్పంతా ఒప్పుకుని ఉత్తరం రాశాడు, ఆ పేరు కొట్టేయమని. పేర్లు ఎప్పుడు చదివారో కూడా అడిగాడు. మునెమ్మకు ఆ శనివారం నీళ్ళు వాటంతట అవే ఆగిపోయాయని కదిరప్ప నుంచి కార్డు వచ్చింది.

నెలన్నరకు సుధాకర్‌కు జవాబొచ్చింది. పేర్లు చదివి ముంచింది మంగళవారం సాయంత్రమట. నాకు ప్రాణం లేచొచ్చింది. మునెమ్మ తడిసింది బుధవారం తెల్లవారి కదా, సంబంధం లేదు అన్నాను. సుధాకర్ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు.

“అక్కడ మంగళవారం సాయంత్రమంటే, మనకి బుధవారం తెల్లవారుజామండీ” అని, పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. అరవ అబ్బాయి నియమం ప్రకారం పక్కనే నిలబడ్డాడు, ఏమీ అర్థం కాక.

ఆ వారంలోనే సుధాకర్‌ను వేరే ఊరికి మార్చారు. పేరు కొట్టేశారో లేదో నాకు తెలియలేదు.

ఆ భాద్రపదంలో, పెద్దల అమావాస్య రోజు, వంటంతా చేసి మూడు ఆకులు వేశాను. పెద్దలకు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. అప్పుడు మునెమ్మ ఒక్కతే వచ్చి గడప బయట నిలబడింది. మా ఇంటికి ఆమె రావడం అదే మొదలు.

“నాయన పోయినాడు. అమ్మ పోయింది. నా పేరూ నాయన పేరూ జతచేసి చెప్పేదానివి నువ్వొక్కతివే ఉండావు. ఎవురికి చెప్పినావక్కా? ఆ పొద్దు చెప్పలే. ఈ పొద్దు చెప్పు.”

“చచ్చినోళ్ళ పట్టీలో రాయించినా” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను. ఆమె మూడు ఆకుల వైపు చూసింది.

“నాయన ఒకతూరి సంపె, నువ్వొకతూరి. సరే పో. సచ్చినోళ్ళకి కూడు పెడతాండావు గదా, నా ఆకు యాడ?”

నాలుగో ఆకు తెచ్చాను. ఆ వరసలో వేయలేదు. వంటింటి గుమ్మం దగ్గర వేసి, పీట వాల్చి, ఇంకా దీపం కూడా పెట్టకముందే ఆమెకు వడ్డించాను.

“పెద్దోళ్ళు తినకముందు నేను తింటే ఎంగిలి గదక్కా.”

“తిను. వాళ్ళు కాచుకుంటారు.”

ఆమె తింది. రెండోసారి అన్నం అడిగి మరీ తింది. వంగి పప్పు వేస్తుంటే ఆమె తల నా మొహానికి దగ్గరగా వచ్చింది. జుట్టు పొడిగానే ఉంది, వాసన మాత్రం ఉంది. డోకు మింగుకుని వడ్డించాను. మిగిలింది తరువాత నాయనకూ, అమ్మకూ, మా ఆయనకూ పెట్టాను.

మునెమ్మ ఆ తరువాత పదకొండేళ్ళు బతికింది. ఏటా అమావాస్యకు వచ్చేది, ఏటా ముందు ఆమెకే పెట్టాను. ఏ దేశపు తొట్టి నీళ్ళు కుప్పంలో బండలు కొట్టేవాడి పెళ్ళాం తలలోకి ఎట్లా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు. నా చదువుకు అందలేదు. చదువుకున్నవాళ్ళకు అందితే చెప్పండి, వింటాను. జ్వరమనీ, చెమటనీ మాత్రం అనకండి. ఆ అబద్ధం నేను ముందే ఆడేశాను.