చైర్మన్ గారు మోసిన బెంచీ

వాన మొదలైందంటే చాలు, తాల్‌బగీచాలో మా బాల్కనీలో ఉన్న టేకు బెంచీ ఒక వాసన వేస్తుంది. పాత కర్ర, నల్లకోటు, మామ్మ పొగాకు కలిసిన వాసన. అది తగిలిందా, నేను ఖరిదాలోని మా పాత సందులో ఉంటాను.

రైల్వే వర్క్‌షాపు సైరనుకి లేచి, సైరనుకే అన్నాలు తినే, బెంగాల్లోని తెలుగు ఇళ్ల సందు అది. మగవాళ్లు నూనె మరకల చొక్కాలతో సైకిళ్లు దిగేసరికి మరమరాలూ వేడివేడి పకోడీలూ సిద్ధంగా ఉండేవి. అందరిలోకీ మా చిన్నాన్న ఒక్కడే లాయరు. ఇంటి ముందరి అరుగు మాత్రం మామ్మది. పొద్దున్న చింతపండు ఒలిచేదీ, సాయంత్రం చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగేదీ అక్కడే. చిన్నాన్న క్లయింట్లు ముందు ఆవిడ చేత చీవాట్లు తిని గానీ లోపలికి వెళ్లేవారు కాదు.

అలాంటి చిన్నాన్న మునిసిపల్ చైర్మనయ్యాడు, మా లెక్కలో మేయరే! కాలవల మీది అరుగులన్నీ తీయిస్తానని ఓట్లడిగాడు. తీరా చూస్తే సందులో మొదటిది మామ్మ అరుగే.

"నానుండగా గునపం ఏయించు, సూస్తాను!" అని మామ్మ అరుగెక్కి కూర్చుంది. ఆ పూట పొయ్యి వెలగలేదు. కోర్టులో అందరి నోళ్లూ మూయించే మనిషి తల్లి ముందు చేతులు కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అరుగు వదిలేస్తే ఊళ్లో మాట పోతుంది, పగలగొడితే తల్లి మాట్లాడదు.

ఆఖరికి వాదన మానేసి పక్కింటి బెంగాలీ దీదీని పిలుచుకొచ్చాడు. మా అరుగు కింద కాలవ పూడుకుపోయి, వానొస్తే నీళ్లు తన వంటింట్లోకి వస్తాయనీ, స్టవ్ మంచం మీదకెక్కించి వండుతాననీ ఆవిడ మెల్లగా చెప్పింది.

మామ్మ తెల్లబోయింది. "ఇన్నేళ్లూ నాకొక్క ముక్క సెప్పలేదేటే?"

"ఓ బాబా! నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది మాసీమా?"

మామ్మ అరుగు దిగింది. ఊరికే దిగిందా? "మరి నానెక్కడ కూకోవాల్రా? నీ ఆఫీసు గదిలో టేకు బెంచీ దినాం సందులో ఎయ్యి. నువ్వే ఎయ్యాల, నువ్వే తియ్యాల."

అరుగు పోయింది, బెంచీ వచ్చింది. చైర్మన్ పదవి పోయి మళ్లీ నల్లకోటు తొడుక్కున్నాక కూడా, మామ్మ ఉన్నన్నాళ్లూ చిన్నాన్నే సాయంత్రం బెంచీ బయట వేసి, చీకటి పడ్డాక లోపల పెట్టేవాడు. ఎవరైనా ఓ చెయ్యి వెయ్యబోతే "ఠీక్ హై దాదా, ఇది నాకు పడ్డ శిక్ష" అని నవ్వేవాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ సందులో అప్పటి చైర్మనెవరో ఎవరికీ గుర్తులేదు. వాన నీళ్లు మాత్రం కాలవలో తమ దారిన తాము గలగలా పోతున్నాయి, చూస్తే కడుపు నిండినట్టుంటుంది. నిన్న జల్లు కొడుతుంటే బెంచీని నేనే లోపలికి లాగాను. అబ్బో, ఎంత బరువో! ఆయన ఒక్కనాడూ చెప్పలేదు.