గోడ తడిసిందా?

పడవ రాతిమెట్ల దగ్గర ఆగింది. ముందు మంచినీళ్ల డ్రమ్ములు దించాం. తర్వాత సున్నం బస్తాలు, బెల్లం, తాపీలు. చివర మేం దిగాం. కర్ణాటక తీరానికి దూరంగా ఉన్న దీవి అది. ఒక్క చెట్టు లేదు. నల్లటి బండ, దాని మీద దీపస్తంభం. వానలు పడకముందే దానికి కొత్త గార వేయాలి. అమరచింత నుంచి వలస వెళ్లిన మా గుంపుకు అప్పగించిన పని అది.

మా మేస్త్రీ పటాలంలో పనిచేసి వచ్చినవాడు. కూలి అనడు, డ్యూటీ అంటాడు. పొద్దున ఆరుకు పరంజా ఎక్కాలి. ఎండ ముదిరితే దిగాలి. దిగాక గోడకు నీళ్లు పోసి, ఆ తర్వాతే మేం తాగాలి. మా గుంపు పద్ధతి అది. ఉప్పుగాలికి పెదవులు పగిలేవి, సున్నానికి చేతులు పగిలేవి.

తలుపు పైన రాతిలో అక్షరాలున్నాయి. నాకప్పుడు చదువు రాదు. దీపస్తంభానికి కావలి ఉండే పెద్దాయన కన్నడంలో చెబితే, మా గుంపులో అయిజ ఊరి నుంచి వచ్చిన తాపీపనివాడు తెలుగులో చెప్పాడు. ఆ బండకు తగిలి ఓడలు మునిగేవట. తెల్లదొరలు రాళ్లన్నీ పడవల్లో తెప్పించి కట్టించారట. మొదట కొబ్బరినూనె దీపం, తర్వాత కిరసనాయిలు, ఇప్పుడు ఎండతో నిండే బ్యాటరీలు.

"రాళ్లు మోసినోళ్ల పేర్లు గూడ రాసిండ్రా?" అని అడిగింది మా గుంపులో సున్నం కలిపే అక్క.

పెద్దాయన లేదన్నాడు.

"అయితే గాళ్లు మనోళ్లే," అంది.

రెండో వారం గాలి లేచింది. నీళ్ల పడవ రాలేదు. అక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దాయన వైర్‌లెస్‌లో పిలిచాడు. గాలి తగ్గేదాకా పడవ రాదని ఒడ్డు నుంచి జవాబు. మిగిలింది ఒక్క డ్రమ్ము.

అక్కను స్తంభం నీడలో పడుకోబెట్టాం. సున్నంలో కలిపే బెల్లమే ఇంత, ఉప్పు ఇంత, నీళ్లలో వేసి గ్లాసు నోటికి పెట్టాను. రెండు చేతులతో ఆపింది.

"గోడకు పోసిండ్రా?"

"జర తాగక్కా. గోడ సంగతి మాకిడువు."

"ఎండిన గార పగుల్తది. నేనెట్ల తాగుత?"

చుక్క కూడా దిగనీయలేదు. ఆమె కళ్లు లోపలికి పోతున్నాయి.

"సుట్టు నీళ్లే గదా, గవే పోద్దాం," అన్నాడు అయిజ అతను.

"బేడ, బేడ! ఉప్పు!" అని పెద్దాయన వద్దంటూ చేతులడ్డం పెట్టాడు.

"గోడ పాడైతే మల్ల చేస్తం," అన్నాడు మేస్త్రీ. "మనిషిని చేస్తమా? తోడుండ్రి."

బకెట్లతో సముద్రం తోడి గోడ మీద కుమ్మరించాం. అక్క చూసింది. గోడ నల్లగా తడిసింది. అప్పుడు తాగింది.

రెండు రోజులకు పడవ వచ్చింది. ఆమెను దవాఖానకు పంపాం, బతికింది. ఆ పక్క గోడ మాత్రం ఉప్పు పొంగి పొక్కిపోయింది. గీకాం, మళ్లీ వేశాం. వెళ్లిపోయే రోజు పడవలోంచి చూస్తే స్తంభం మళ్లీ తెల్లగా, నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంది.  అలసిపోయి పడవలోనే ఒరిగిపోయాం.

ఊరికొచ్చి చాలా ఏళ్లయింది. ఆ స్తంభం ఎత్తు కూడా సరిగా గుర్తులేదు. కడవలో గ్లాసు ముంచినప్పుడల్లా ఆ రెండు చేతులే కనిపిస్తాయి. ఎండిన పెదవుల ముందు గ్లాసును ఆపి, ముందు గోడ వైపు తిరిగిన ఆ ముఖం.